దిగువన ఒకరు

అద్దాల తొట్టిలో నీటిచుక్క ఆగిపోయిన రోజున హేమావతి ఆ సంగతి ముందుగా తన డైరెక్టరుకు చెప్పలేదు. వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేసింది.

తొట్టి ఆరడుగుల పొడవు. గవ్వలవంక కట్ట నుంచి తెచ్చిన ఎర్రమన్ను అందులో కూరి, ఒక పక్క నీళ్ళు నింపి, మన్నులో కావాలనే చిటికెనవేలంత బుంగ ఒకటి చేసి పెట్టారు. రెండో పక్క ఆ బుంగలోంచి నిమిషానికి తొంభై చుక్కలు కారేవి. హేమావతి తయారుచేసిన సూక్ష్మజీవుల్ని నీళ్ళలో కలిపాక నాలుగో రోజుకు అవి నలభై అయ్యాయి. తొమ్మిదో రోజు పొద్దున ఒక చుక్క బుంగ అంచున కాసేపు వేలాడి, కింద పడకుండా అక్కడే ఆరిపోయింది.

ల్యాబులో అందరూ వాటిని మేస్త్రీలనే పిలిచేవాళ్ళు. మట్టిలో నీరు ఎటు కదిలితే అవీ అటే పోతాయి. ఆ నీటిలోని సున్నాన్నే తీసుకుని దారికి అడ్డంగా రాయిలా పేరుస్తాయి. నీటి కదలిక ఆగితే తిండి లేక చచ్చిపోతాయి. కట్ట కడుపులో ఎక్కడుందో తెలియని బుంగను వెతికి పట్టుకోవడం మనిషి వల్ల కాదు. అవి పట్టుకుంటాయి.

"అక్కా, ఆగిపోయింది" అంది హేమావతి.

"ఏం ఆగిపోయిందే? బస్సా?" అంది ఓబులమ్మ అవతలినుంచి.

"బస్సు కాదే. నీళ్ళు. మీ కట్ట ఇంక కారదు."

ఓబులమ్మ నవ్వింది. "అయితే మీ బావకు ఉద్యోగం పోయినట్టే. పొద్దున లేచి యాడికి పోతాడో ఏమో పాపం."

అక్కచెల్లెళ్ళకు పద్నాలుగేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి హేమావతికి నాలుగేళ్ళు. అప్పటికే నల్లగుట్లపల్లెకు కాపురానికి వచ్చిన ఓబులమ్మ, చెల్లెల్ని చంకనేసుకుని తెచ్చుకుంది. తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే "ఉండాది కదా ఒకతి" అనేది. తమలపాకు తోటలో ఆకు కోసి, కట్టలు కట్టి, మదనపల్లె పంపి ఆ ఒకతిని పెద్ద చదువులు చదివించారు మొగుడూ పెళ్ళాలు.

నల్లగుట్లపల్లె డెబ్బైనాలుగు ఇళ్ళ ఊరు. ఊరికి అరమైలు ఎగువన రెండు గుట్టల మధ్య, వంకకు అడ్డంగా నలభై అడుగుల మట్టికట్ట. దాని నీళ్ళు తూములోంచి గుట్ట పక్క కాలువలో పడి అవతలి మూడూళ్ళ వరిమళ్ళకు పోతాయి. ఆ కాలువలో నల్లగుట్లపల్లెకు వాటా లేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. కట్ట అడుగునుంచి ఊరే నీరే వాళ్ళ బావుల్లోకీ తోటల్లోకీ వచ్చేది. ఎంత ముదురు ఎండల్లోనైనా తోటలో కాలు పెడితే పాదానికి చల్లగా తగిలేది.

భయమూ ఆ ఊటతోనే. బావ చెన్నకేశవులు కట్టకు లస్కరు. పొద్దున్నే కట్ట అడుగున నిలబడి ఊటనీళ్ళు దోసిట్లో పట్టి చూడటమే ఆయన ఉద్యోగం. తేటగా ఉంటే పరవాలేదు. ఎర్రగా ఉంటే కట్టలోని మన్నును నీళ్ళు మోసుకొస్తున్నట్టు, లోపల బుంగ పెరుగుతున్నట్టు. బుంగ ముదిరితే గండే. మూడేళ్ళ కిందట కార్తీకంలో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. ఊరు ఊరంతా పిల్లల్నీ గొర్రెల్నీ తోలుకుని గుట్టెక్కి, రెండు రోజులు వానలో కూర్చుంది. చెన్నకేశవులు పదిమందిని వెంటేసుకుని ఇసక మూటలు వేస్తే ఎలాగో నిలిచింది. వానకు తడిసి నీలుక్కుపోయిన అక్క మొహాన్ని హేమావతి ఫోనులో చూసింది. ఆ తర్వాత ఆమె చేసిన పరిశోధనంతా ఆ ఒక్క కట్ట కోసమే.

*

మేస్త్రీలను కట్టలోకి ఎక్కించడానికి అనుమతి తెచ్చింది నీటిపారుదల శాఖ డీఈ ఇమాంబాషా. ముప్పై ఏళ్ళుగా చిన్న చిన్న కట్టల మీద తిరిగి తిరిగి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. చిన్న జలాశయాల చట్టం కొత్తగా వచ్చింది. ప్రతి కట్టకూ తరగతి రాసి పంపాలి.

"రెండు మార్కులు మేడమ్" అని వేళ్ళు చూపించాడు. "ఒకటి కట్టది, ఇంకొకటి కట్ట కింద ఉండే జనాలది. కట్ట కొండ మాదిరి ఉన్నా సరే, కింద ఒక్క ప్రాణం కాపురముంటే అది మొదటి తరగతే. తెగినా ఎవరూ పోరు అనుకుంటేనే మూడో తరగతి. ఈ గవ్వలవంక చూడండి, కట్ట స్థితి బాగాలేదు, కింద మూడువందల పన్నెండు మంది. రెండిట్లోనూ అధ్వాన్నం."

దరఖాస్తులో ఒక గడి ఉంది. ఈ జీవులు కట్ట దాటి దిగువకు పోయే అవకాశం ఉందా? హేమావతి "లేదు" అని రాసింది. అబద్ధం రాయలేదు. తొట్టిలో అవి ఎన్నడూ మన్ను దాటి పోలేదు.

జనవరిలో కట్ట మీద నలభై చోట్ల సన్నగా బోర్లు వేసి మేస్త్రీలను దించారు. ఇరవైరెండో రోజుకు కట్ట అడుగున ఎప్పుడూ తడిగా ఉండే గడ్డి ఎండింది. చెన్నకేశవులు అరచేత్తో నేల తడిమి చూసి, చేతికి అంటిన పొడిమట్టిని పంచెకు తుడుచుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇమాంబాషా పుస్తకంలో "స్థితి: బాగుంది" అని రాసి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి కింద గీత గీశాడు. ఆ ఏడు వానాకాలంలో నల్లగుట్లపల్లె మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. ఓబులమ్మ తోటలో మొదటి కోత ఆకు కట్టకట్టి చెల్లెలి ల్యాబుకు పంపింది. అందరూ భోజనాలయ్యాక వేసుకుని, నోళ్ళు ఎర్రగా పండించుకుని, మేస్త్రీల పేరు చెప్పుకుని నవ్వుకున్నారు.

*

వానలు వెలిసిన నాలుగో నెలలో, ఎండలు మొదలవుతుండగా ఓబులమ్మ ఫోన్ చేసింది.

"పాపా, తోటలో కాలు పెడితే ఎచ్చగా తగులుతా ఉండాది."

"ఎండలు కదక్కా."

"నలభై ఏండ్ల నుంచి ఎండలు నేను చూళ్ళేదా? ఇది ఎండ కాదు. కింద నుంచి వచ్చే తేమ రావడంలేదు."

పది రోజుల్లో బావులు అడుగంటాయి. హేమావతి వచ్చి తోట చివర పన్నెండడుగుల గొయ్యి తవ్వించింది. అక్కడ కంకరపొర ఉంటుందని అందరికీ తెలుసు. కట్ట కట్టకముందు వంక పారిన దారి అది. కట్ట కిందుగా ఆ గులకరాళ్ళ సందుల్లోంచే ఊట ఊరిదాకా వచ్చేది; కట్టలో బుంగలు పూడినా అది ఆగదనుకున్నారు. గడ్డపార దిగలేదు. ఠంగుమంది. మట్టి తీసి చూస్తే గులకరాళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని, తెల్లటి పలకలా ఉన్నాయి. మేస్త్రీలు కట్టలో పని ముగించి, కట్ట కింది కంకరలో నీరు ఇంకా కదులుతోంది కాబట్టి ఆ నీటి వెంట వెళ్ళాయి. కంకరలో నీరు ఎన్నడూ ఆగదు కాబట్టి అవి ఎక్కడా చావలేదు. అరమైలు పొడవునా కట్టుకుంటూ వచ్చాయి.

హేమావతి ఆ గోతి అడుగున కూర్చుండిపోయింది. ఆరడుగుల తొట్టికి అవతలి కొసన ఒక అద్దం ఉంది. ఆ అద్దం దాటి అవి పోలేదంటే, పోవని కాదు, పోవడానికి చోటు లేదని. అంత చిన్న సంగతి తట్టలేదు. పైన గట్టు మీద నిలబడి బావ, "పైకి రామ్మా, మన్ను జారుతుంది" అని చెయ్యి అందించాడు.

ఊళ్ళో బోర్లు వేశారు. ఆరువందలు, ఎనిమిదివందల అడుగులు. నల్లరాతి పొడి వచ్చింది గానీ నీళ్ళు రాలేదు. తాగడానికి ట్యాంకరు వచ్చేది. ట్యాంకరు నీళ్ళతో తమలపాకు తోట బతకదు.

ల్యాబులో నెల తిరక్కుండా విరుగుడు దొరికింది. వెనిగర్ లాంటి పుల్లటి ద్రావకం. కట్ట అడుగున ఒక్కచోట, అక్కడినుంచి కంకర వెంట, మేస్త్రీలు పేర్చిన సున్నాన్ని సన్నగా కరిగించుకుంటూ పోతే వేలంత ఊటదారి మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ దారి ఎంతవరకు వేలంతే ఉంటుందో మాత్రం ఆమె కచ్చితంగా చెప్పలేకపోయింది.

ఇమాంబాషా కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఇది మొదటి తరగతి కట్ట. స్థితి బాగుందని నేనే రాసినాను. కింద మూడువందల మంది ఉండంగా, బాగుండే కట్టకు బొక్క పెట్టమని ఎవరు సంతకం చేస్తారు? నేను చేయను. నా పైన ఉండే ఆయనా చేయడు. రేపు ఒక్క ప్రాణం పోతే?"

"ఇట్లాగే ఉంటే ఊరే పోతుంది సార్."

"తెలుసమ్మా. ఊరు పోవడానికి మా పుస్తకంలో గడి లేదు."

"మరి ఎప్పుడు చేస్తారు సంతకం?"

ఆయన కాగితాలు మడిచి ఆమె వైపు జరిపాడు. "కింద ఎవురూ లేనప్పుడు" అన్నాడు. చెప్పినందుకు ఆయనకే సిగ్గేసినట్టు తల దించుకున్నాడు.

*

తోటలు ఒకదాని వెంట ఒకటి ఎండాయి. తీగలు పాకిన అవిసె చెట్లు ముందు ఆకు రాల్చాయి. నీడ పోయాక తీగలు మూడు రోజుల్లో నల్లబడ్డాయి. ఆ ఎండాకాలం ముప్పై ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కొందరు బెంగుళూరులో కట్టడాల పనికి, కొందరు తిరుప్పూరు బనియన్ల కంపెనీలకు. పోయేవాళ్ళు హేమావతి ఎదురుపడితే తిట్టలేదు. "బాగుండావా పాపా" అని అడిగి, సామాను ఆటోలోకి ఎక్కించుకునేవాళ్ళు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించేది.

చెన్నకేశవులు మాత్రం రోజూ కట్ట మీదికి పోయి, పొడినేల మీద నిలబడి చూసి వచ్చేవాడు. లస్కరు జీతం ఇంట్లోకి చాల్లేదు. అరవయ్యారేళ్ళ వయసులో మదనపల్లె టమాటా మార్కెట్లో పెట్టెలు దించే పనికి కుదిరాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం నెత్తిన పెట్టెతోనే కూలబడిపోయాడు. ఎండదెబ్బన్నారు.

హేమావతి వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క కాళ్ళ మీద పడి ఏడ్చింది. ఓబులమ్మ ఆమెను లేపి, మొహం తుడిచి, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా లేదా?" అంది. అంతే. ఆ తర్వాత కూడా ఇంకొక్క మాట అనలేదు.

మరుసటి ఏడాది ఇమాంబాషా లెక్కకు వచ్చాడు. డెబ్బైమూడు ఇళ్ళకు తాళాలు. డెబ్బైనాలుగో ఇంట్లో ఓబులమ్మ. పుస్తకంలో "దిగువ నివాసం: ఒకరు" అని రాసుకున్నాడు. ఆ సంగతి హేమావతికి ఫోనులో చెప్పాడు గానీ, మిగిలిన మాట చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఆమె వచ్చి అక్క ముందు కూర్చుంది. ఎలా అడగాలో తెలియక ట్యాంకరు సంగతీ ఎండల సంగతీ మాట్లాడింది.

"అడగడానికి వచ్చింది అడుగు" అంది ఓబులమ్మ. "నేనొక్కదాన్ని పోతే నీళ్ళిడుస్తారా?"

"...విడుస్తారక్కా. నాతో తిరుపతి రా."

"తిరుపతి దూరం. మా మరిది కూతురు మదనపల్లెలో ఉండాది. ఆడైతే బస్సెక్కి వచ్చి చూసుకోవచ్చు." లేచి బట్టలు మూట కట్టుకుంది. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది గానీ తాళం వెయ్యలేదు.

నెల్లాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. దిగువన నివాసం లేనందువల్ల గవ్వలవంక మూడో తరగతికి మార్చడమైనది. కోరిన పనికి అనుమతి. ఒక షరతు: దిగువన ఎవరైనా కాపురం పెట్టినట్టు తెలిస్తే ఊటదారిని వెంటనే పూడ్చాలి. ఏటా చూసి ధ్రువీకరించే బాధ్యత డాక్టర్ హేమావతిది.

ద్రావకం ఎక్కించిన పదకొండో రోజున తోట చివరి గోతిలో నీళ్ళు మెరిశాయి. ఓబులమ్మ బస్సు దిగి ఎక్కడా ఆగకుండా వచ్చి, చెప్పులు విడిచి ఆ నీళ్ళలో నిలబడింది. రెండు చేతులా మొహం కడుక్కుంది.

"ఇంక రావచ్చా?" అంది.

హేమావతి షరతు చెప్పింది. పగలు వచ్చి పోవచ్చు, పొయ్యి వెలిగించి ఉండకూడదు. "గుట్ట మీద ఇల్లు కట్టిస్తానక్కా. గండి పడినా అక్కడికి నీళ్ళు రావు, అక్కడుంటే లెక్కలోకి రాదు."

"గుట్ట మీద నేనొక్కదాన్నా? ఏమిటికి, కాకులకు వండిపెట్టనా?" అని నవ్వబోయి ఆగిపోయింది. "నేను ఉంటే నీళ్ళుండవు, నీళ్ళుంటే నేనుండకూడదు. ఎవురు రాసినారే ఇది?"

*

ఏడాది తర్వాత హేమావతి ధ్రువీకరణకు వచ్చింది. చేతిలో ఆఫీసువాళ్ళిచ్చిన ట్యాబు. ఊరంతా తుమ్మ మొలకలు లేచాయి. డెబ్బైనాలుగో ఇంటి ముందు మాత్రం ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. వెనక తోటలో నిలువెత్తు అవిసె మొక్కలు వరసలు తీరి ఉన్నాయి. వాటి మొదళ్ళలో లేత తమలపాకు తీగలు, అరటినారతో కట్టి.

ఓబులమ్మ లోపలినుంచి వచ్చింది. చిక్కిపోయింది, ఎండకు నల్లబడింది. కళ్ళు మాత్రం చాలా కాలం తర్వాత బాగున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు. మరిది కూతురికి నీ దగ్గర ఉండానని చెప్పినా. నీకేమో దాని దగ్గర ఉండానని చెప్పినా." తీగను చూపించింది. "పక్క మండలం నుంచి తెచ్చిన విత్తనపు తీగ. అంటుకుంది చూడు. తిరుప్పూరు పోయిన కొండయ్య కొడుకు ఫోన్ చేసినాడు, తోట నిలబడితే వాళ్ళూ వస్తారంట."

హేమావతి గోతి దగ్గరికి పోయింది. దోసిట్లో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూసింది. వేళ్ళ సందుల్లోంచి నీరు కారిపోయాక అరచేతి గీతల్లో సన్నగా ఎరుపు మిగిలింది. ఇంకోసారి పట్టింది. మళ్ళీ అదే. తెచ్చిన సీసాలో నింపి పెడితే, కాసేపటికి అడుగున గోరంత మందాన ఎర్రమన్ను పేరింది.

"అక్కా, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి."

"కొంచెమే కదా. నెల నుంచి అట్లనే ఉండాది. నేనూ చూస్తానే ఉండా. ఎక్కువైతే గుట్టెక్కుతా. తెలీదా నాకు?"

"గండి పడితే గుట్టెక్కే టైముండదు."

"పడకపోతే?"

రేపే పడొచ్చు, ఇరవై ఏళ్ళు పడకపోవచ్చు. కింద మనిషి లేకపోతే ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కట్ట దాని మానాన అది కారుతుంది. ఆమె ట్యాబు తెరిచింది. దిగువ నివాసం. పక్కన ఖాళీ గడి.

ఓబులమ్మ దగ్గరికి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"మీ బావ పోయినప్పుడు నిన్ను ఒక్క మాట అన్నానా?"

"అనలేదు."

"ఊరు పోయినప్పుడు?"

"లేదక్కా."

"ఇప్పుడు ఒకటే అడుగుతా ఉండా. ఎన్నడూ ఏదీ అడగలేదు నిన్ను. నేను లేనని రాయి. సున్నా రాసెయ్యి. నీకు నేను కనపళ్ళేదు, ఇల్లు తాళం వేసుండాది. అంతే."

"నువ్వు లేవని నేనెట్లా రాసేదక్కా?"

"నీళ్ళు లేని చోట ఉండి ఏం చేసేదే నేను? మదనపల్లెలో వాళ్ళ టీవీ చూస్తా చచ్చేదా? ఇక్కడ చస్తే తోటలో చస్తా. నా ప్రాణమే కదా, నీకేం?"

హేమావతి ఆ మాటకు గుక్కపట్టి ఏడ్చింది. నాలుగేళ్ళ పిల్లగా ఈ వాకిట్లోకి వచ్చిన నాడు కూడా అలా ఏడ్చి ఉండదు. ఓబులమ్మ ఆమె తల పొట్టకు అదుముకుని నిమిరింది. "రాయి తల్లీ, రాసెయ్యి" అంటూనే ఉంది.

ఏడుపు తగ్గాక హేమావతి మొహం తుడుచుకుంది. సీసా వంక చూసింది. వేలు గడి మీద పెట్టింది.

ఓబులమ్మకు చదువు రాదు. కానీ నలభై ఏళ్ళు ఆకుల కట్టలు లెక్కపెట్టిన మనిషికి అంకెలు తెలుసు. తెర మీద తను అడిగిన గుండ్రటి సున్నా కాకుండా నిలువు గీత పడటం చూసింది. చెల్లెలి తల మీద ఉన్న చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

*

వారంలోగా మేస్త్రీలు మళ్ళీ దిగాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ఓబులమ్మను మర్యాదగానే జీపెక్కించి మదనపల్లెలో దింపారు. తీగలు ఇరవై రోజులు ఓర్చుకున్నాయని ఇమాంబాషా చెప్పాడు. ఆయన ఆ నెలలోనే ఉద్యోగం నుంచి దిగిపోయాడు.

ఆ అక్టోబరులో గవ్వలవంక మీద ముప్పై ఏళ్ళలో రానంత వాన కురిసింది. నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చాయి. కట్ట తెగలేదు. ఊటదారి పూడ్చినందువల్ల తెగలేదో, పూడ్చకపోయినా తెగేది కాదో, ఏ తొట్టిలో పెట్టి చూసినా తేలే సంగతి కాదు. తెగి ఉంటే అక్క తనను క్షమించి ఉండేదేమో అని హేమావతికి అనిపించింది. అలా అనుకున్నందుకు ఆ రోజంతా ఆమె అన్నం తినలేకపోయింది.

వానలు వెలిసిన వారానికి మదనపల్లె వెళ్ళింది. ఫోన్లు చేస్తే ఎత్తడం లేదు. మూడో అంతస్తులో ఇల్లు. మరిది కూతురు ఉద్యోగానికి పోయింది. తలుపు ఓబులమ్మే తీసింది. ఎప్పటిలా "ఏమే" అని పిలుస్తుందేమోనని హేమావతి ఎదురు చూసింది.

"రాండి" అంది ఓబులమ్మ. "కూచ్చోండి."

హేమావతి సోఫా అంచున కూర్చుంది. ఓబులమ్మ వంటింట్లోకి పోయి గ్లాసు కడిగి, మంచినీళ్ళు పట్టి, కింద ప్లేటు పెట్టి తెచ్చి బల్ల మీద ఉంచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని గోడ పక్కన నిలబడింది.

"అక్కా, కూర్చోవే" అంది హేమావతి.

"పర్లేదు. మీరు తాగండి."